మాస్టారి రేవులు, బాబాయి లెక్కలు

శనివారం, విజయవాడ లాకుల దగ్గర

మాస్టారు ఫోనులోనే ఒక షరతు పెట్టారు. "సముద్రం చూపించమని మాత్రం అడక్కండమ్మా. సముద్రం మీరే వెళ్ళి చూసుకోవచ్చు. నేను చూపించేది రేవులు."

ఆయన హిస్టరీ లెక్చరరుగా రిటైరయ్యారు. కృష్ణా, బాపట్ల తీరాల్లో పాత రేవు ఊళ్ళకి కుటుంబాలను తీసుకెళ్ళి చూపిస్తుంటారు. రోజుకి 2,500 రూపాయలు, భోజనం మనదే. ఐదుగురికి మించితే రారు. గుంపు పెరిగితే సగంమంది వినరని ఆయన అభిప్రాయం. కారు, డ్రైవరు బేటా కలిపి రోజుకి ఇంకో 3,500 అయింది. మేం ముగ్గురం: నేను, హైదరాబాదు నుంచి వచ్చిన అక్క, మా బాబాయి. బాబాయి వన్ టౌన్‌లో నలభై ఏళ్ళు హోల్‌సేల్ కిరాణా నడిపాడు. చరిత్ర ఆయనకి పట్టదు, సరుకు పడుతుంది.

పొద్దున్నే బందరు కాలువ లాకుల దగ్గర దిగమన్నారు మాస్టారు. బందరు వెళ్ళడానికి ఇక్కడ దిగడం ఏమిటని అక్క గొణిగింది. "బందరు ఇక్కడే మొదలవుతుంది" అని ఆయన కాలువలోకి చెయ్యి చూపించారు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు పొలాలకి నీళ్ళివ్వడమే కాదు, పడవల దారులు కూడా అయ్యాయి. ఏలూరు కాలువలో గోదావరి వైపు, బందరు కాలువలో తీరం వైపు, అవతలి గట్టు నుంచి కొమ్మమూరు కాలువలో పెదగంజాం దాకా, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా పోవచ్చు. నీటి మట్టం మారే చోటల్లా లాకులు. పడవ లోపలికి రాగానే వెనక గేటు మూసి, నీళ్ళు ముందువైపు మట్టానికి వచ్చేదాకా ఆపి, ముందు గేటు తెరుస్తారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగాలి.

బాబాయి అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. తాడు మాట వినగానే తలెత్తాడు. "మా నాన్న కొట్టుకి ఉప్పు పడవలోనే వచ్చేది. బస్తా తడిస్తే ఎవడి నష్టమన్నదాని మీద రోజూ పోట్లాటే." ఆ పడవవాళ్ళు పెదగంజాం వైపు నుంచి వచ్చేవాళ్ళని కూడా చెప్పాడు. మాస్టారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి అది రాసుకున్నారు. గైడ్‌గా వచ్చిన మనిషి మా దగ్గర నోట్సు రాసుకోవడం నాకు నచ్చింది.

కాలువలో ఇప్పుడు గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. ఎదురుగా బండి మీద ఇడ్లీ, అల్లం చట్నీ, వేడి పునుగులు. నలుగురికీ కలిపి 160 అయింది.

శనివారం, ఘంటసాల

పామర్రులో పెద్ద రోడ్డు వదిలి కూచిపూడి వైపు మళ్ళాం. రోడ్డుకి రెండు పక్కలా మినుము. ఘంటసాల చేరేసరికి పది దాటింది. చుట్టూ పొలాలు, కొబ్బరిచెట్లు, ఎక్కడా ఉప్పుగాలి వాసన కూడా లేదు. రెండో శతాబ్దంలో గ్రీకు పండితుడు టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. అందులో కంటకోస్సిల అనే వర్తక పట్నాన్ని చెప్పాడు. ఇక్కడి ప్రాకృత శాసనాల్లో కంటకసెల అనే పేరుంది కాబట్టి ఆ పట్నం ఇదేనంటారు. కృష్ణ తెచ్చిన ఒండ్రుతో డెల్టా పెరుగుతూ పోయింది, తీరం దూరం జరిగింది.

స్తూపం ఇప్పుడు ఇటుకల దిబ్బ. మధ్యలో చదరం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా గోడలు. పక్కనే చిన్న మ్యూజియంలో సున్నపురాతి శిల్పాలు. మాస్టారు బుద్ధుడి గురించి తక్కువ, ఒక దాత గురించి ఎక్కువ మాట్లాడారు. ఆ దాత పేరు శివకుడు, శాసనంలో అతన్ని మహానావికుడు అన్నారు. పెద్ద ఓడలు నడిపినవాడు, ఇవాళ వరిచేల మధ్య మిగిలిన ఈ చోటికి దానం చేశాడు.

"ఓడ సొంతదా, అద్దెదా?" అన్నాడు బాబాయి.

శాసనం చెప్పదన్నారు మాస్టారు. బాబాయికి అది పెద్ద లోటుగా తోచింది. సొంతదైతే దానం గొప్పే గానీ, అద్దె ఓడైతే ఇంకా గొప్ప అని ఆయన వాదన.

జలధీశ్వరస్వామి గుళ్ళో శివుడు, పార్వతి ఒకే పీఠం మీద ఉంటారు. అక్క అక్కడ చాలాసేపు కూర్చుంది. పూజారి మా ఇంటిపేరు, గోత్రం అడిగి, చివరికి మా మేనత్త అత్తగారి ఊరు దాకా చుట్టరికం కలిపేశారు. గుడి ఎదురుగా ఉన్న ఇంటామె మంచినీళ్ళు అడిగితే మజ్జిగ ఇచ్చి, డబ్బులు తియ్యబోతే కోప్పడింది.

ఆదివారం, గిలకలదిండి, కోట

పొద్దున ఆరింటికే బందరు కోటకి బయల్దేరాం. డ్రైవరు ఫోన్‌లో మ్యాప్ పెట్టుకున్నాడు, మాస్టారు వెనక సీట్లో కునుకు తీస్తున్నారు. కళ్ళు తెరిచేసరికి కోట లేదు, గిలకలదిండి హార్బర్‌లో ఉన్నాం. మర పడవలు వరసగా ఆగి ఉన్నాయి. ఐసు పెట్టెలు, వలలు, తడి నేల మీద కుప్పలుగా పోసిన చేపలు, వాటి చుట్టూ అరుపులు. ఆదివారం కదా, రేటు పెంచేవాళ్ళు, దించేవాళ్ళు ఎవరి గొడవలో వాళ్ళున్నారు.

నేను ఫోన్ తీసి ఫోటో తియ్యబోతే రొయ్యల బుట్ట ముందు కూర్చున్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఫోటో తీసుకుంటే తీసుకో అమ్మా. రేటడిగి కొనకుండా మాత్రం పోవద్దు, బోణీ చెడుద్ది." అప్పటికే బాబాయి రేటు అడిగేశాడు. ఇక తప్పదు. కిలో 380 చెప్పింది, 350కి ఇచ్చింది. చేతిలో కవరుతో ఏం చెయ్యాలో తెలీక నిలబడ్డాం. టౌన్‌లో మెస్సులో ఇస్తే వండి పెడతారని, కూలి ఇస్తే చాలని ఆవిడే చెప్పింది. మిగతా పొద్దంతా ఆ రొయ్యలు ఐసులో మాతోపాటు కోట చూశాయి.

మాస్టారికి దారి తప్పినందుకు ఏమాత్రం బాధ లేదు. బందరులో పెద్ద ఓడలు ఎప్పుడూ ఒడ్డుకి రాలేదట. లోతు లేదు. మైళ్ళ దూరంలో లంగరు వేసుకుంటే చిన్న పడవలు సరుకు మోసుకుని అలల మీద అటూ ఇటూ తిరిగేవి. గోల్కొండ సుల్తానుల ముఖ్యమైన రేవు అలా నడిచింది. ఇక్కడి నుంచి సుమత్రాలోని అచేకి, బర్మాలోని పెగూకి, పర్షియాకి, ఎర్ర సముద్రం రేవులకి బట్టలు, వజ్రాలు వెళ్ళేవి. "అంటే ఎక్కించడానికొక కూలి, దించడానికొక కూలి, మధ్యలో తడిసిన మూటకి జవాబు చెప్పేవాడు లేడు" అన్నాడు బాబాయి. "సరిగ్గా ఉప్పు బస్తా కథే."

ఇక కోట. కోట అనగానే బురుజులు ఊహించుకుంటే నిరాశే. ముళ్ళకంపలు, ఉప్పుకి పొరలు రాలుతున్న ఇటుక గోడలు, కప్పు లేని గదులు, రెండు మూడు కమానులు. మేకలు కాసే కుర్రాడు మా కారు చూసి దగ్గరికొచ్చి, షూటింగా అని అడిగాడు. కాదన్నాక ఆసక్తి పోయి వెళ్ళిపోయాడు.

1759 ఏప్రిల్‌లో ఇక్కడ ఫ్రెంచివాళ్ళున్నారు, నాయకుడు కాన్‌ఫ్లాన్స్. అంతకు నాలుగు నెలల ముందే చందుర్తి యుద్ధంలో వాళ్ళు ఓడిపోయారు. ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ కోట ముట్టడించాడు. చేతిలో డబ్బు లేదు, సైనికులకి జీతాల్లేవు, వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది. అలాంటప్పుడు రాత్రిపూట దాడి చేశాడు. చుట్టూ బురదే రక్షణ అని కోటలోవాళ్ళు నమ్ముకున్నారు, ఒక దళం ఆ బురదలోంచే నడిచొచ్చింది. కోట పడిపోయాక సలాబత్ జంగ్ బందరునీ చుట్టుపక్కల భూముల్నీ ఇంగ్లీషువాళ్ళకి రాసిచ్చాడు. మేం నిలబడ్డ చోట కూడా కాలు పెడితే చెప్పు ఊడొచ్చేంత జిగురు మట్టి. అక్క చెప్పులు చేత్తో పట్టుకుంది. ఏ పుస్తకం చదివినా ఈ యుద్ధం నాకు ఇంత బాగా అర్థమయ్యేది కాదు.

ఆ తర్వాత కోటని ఖాళీ చేయించింది ఫిరంగి కాదు. 1864 నవంబరు 1 రాత్రి తుపానుతోపాటు సముద్రం ఊరి మీదికి వచ్చింది. బందరులోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మంది పోయారు. మరుసటి ఏడాది సైన్యాన్ని ఇక్కణ్ణుంచి తీసేశారు. ఈ మాట చెప్పేటప్పుడు మాస్టారు లెక్చరరు గొంతు పక్కన పెట్టేశారు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత కాలేజీ కుర్రాళ్ళతో నాగాయలంక వైపు సహాయానికి వెళ్ళారట ఆయన. అక్కడ చూసింది మాత్రం చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆదివారం, డచ్చి సమాధులు, భోజనం, పేటలు

సమాధుల తోటకి తాళం. కాపలా మనిషి భోజనానికి వెళ్ళాడని పక్క ఇంటి పిల్లలు చెప్పారు, పిలుచుకొస్తామని ఇద్దరు సైకిలు మీద పోయారు. అరగంటకి ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఆలస్యానికి మేమే క్షమాపణ చెప్పుకునేంత మర్యాదగా గేటు తీశాడు.

పదిహేడో శతాబ్దపు రాళ్ళు. పలకల మీద ఎత్తుగా చెక్కిన అక్షరాలు, వంశ చిహ్నాలు, శిరస్త్రాణాలు. మాస్టారు ఒక్కో రాయి మీద నీళ్ళు చల్లారు, తడిసిన అక్షరం బాగా కనపడుతుంది. డచ్చివాళ్ళు 1606 నాటికే ఇక్కడా, నిజాంపట్నంలోనూ కొట్లు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు గ్లోబ్ అనే ఓడలో 1611లో వచ్చారు. తూర్పు తీరంలో వాళ్ళ మొదటి వర్తక స్థావరం ఇదే, మద్రాసు ఊసు అప్పటికి లేదు. 1630ల్లో అబ్దుల్లా కుతుబ్ షా వాళ్ళకి బంగారు ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి ఇంతని కట్టేస్తే గోల్కొండ రేవుల్లో మూటమూటకీ సుంకం కట్టక్కర్లేదు.

"అదీ సంగతి!" బాబాయి సమాధి పక్కనే చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "మన ఊరి వర్తకుడు సరుకు సరుకుకీ కట్టాలి, వచ్చినోడు గుత్తగా కడితే చాలు. ఇక ఎవడు నిలబడతాడు?" మాస్టారు దీనికి అభ్యంతరం చెప్పారు. కోమట్లు, పర్షియా వర్తకులు, సుల్తాను కొలువులోవాళ్ళు ఆ తర్వాత కూడా చాలాకాలం పెద్ద వ్యాపారమే చేశారు, గోల్కొండ మంత్రి మీర్ జుమ్లాకి సొంత ఓడలుండేవి. వాదన మెస్సు దాకా సాగింది. నాకు ఇద్దరూ సగం సగం నిజమే చెబుతున్నారనిపించింది. సగం మార్కులు వేస్తే ఇద్దరికీ కోపమొస్తుందని ఊరుకున్నాను.

మెస్సులో భోజనం 130. మా రొయ్యలు వేపుడు చేసినందుకు 150. దాంతోపాటు బొమ్మిడాయిల పులుసు విడిగా తెప్పించాం. చింతపండు ఘాటు, మెంతి వాసన, ముక్క విరక్కుండా ఉడికింది. ఎల్లిపాయ రెబ్బలు పొట్టుతోనే వేసి వేయించిన ఆ రొయ్యల వేపుడు మా ఇంట్లో ఎవరికీ ఇంతవరకూ కుదర్లేదు. వంటావిడని అడిగితే "ఉప్పు ముందెయ్యకండి" అని ఒక్క ముక్క చెప్పి లోపలికెళ్ళింది. శాకాహారి మాస్టారు పక్క టేబుల్ మీద ముద్దపప్పు, గోంగూరతో తిన్నారు. మా పులుసు వైపు చూడనట్టు చూశారు.

సాయంత్రం పేటల్లో నడక. వలందపాలెం డచ్చివాళ్ళది, పరాసుపేట ఫ్రెంచివాళ్ళది, ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళంతా పోయారు, వీధులకి పేర్లు మిగిలాయి. పరాసుపేటలో ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని, మాస్టారు చెప్పేదంతా విని, "మా ఇంటి గోడ కూడా పాతదే, చూస్తారా?" అన్నారు. లోపల చూస్తే పెంకుల మీద కొత్త రేకులు, గోడకి చేరవేసిన మంచం, టీవీ. గోడ నిజంగానే మూరెడు మందం. ఫ్రెంచిదా కాదా చెప్పలేనన్నారు మాస్టారు, పెద్దాయన కాస్త చిన్నబుచ్చుకున్నారు. కాఫీ మాత్రం తాగందే కదలనివ్వలేదు.

తొక్కుడు లడ్డు కొనకుండా బందరు దాటితే ఇంట్లో రానివ్వరు. శనగపిండి పూస వేయించి, దంచి, జల్లించి, పాకం, నెయ్యి పోస్తూ మళ్ళీ రోకళ్ళతో తొక్కాలి. అందుకే నోట్లో పలుకు తగలదు. బెల్లంది కిలో 440 పడింది. నల్ల హల్వా కూడా తీసుకున్నాం గానీ, నా ఓటు లడ్డుకే.

సోమవారం, పెడన

రేవు నుంచి వెళ్ళిన సరుకేమిటో చూడాలంటే పెడన రావాలి. ఒక షెడ్డులో పొడుగాటి బల్లలు, గోనె మీద దుప్పటి పరిచిన మెత్త, దాని మీద గుడ్డ. టేకు అచ్చులు రంగులో ముంచి, పెట్టి, అరచేత్తో ఒక గుద్దు. అచ్చు పక్కన అచ్చు పెడుతుంటే అతుకు ఎక్కడుందో కనపడదు. పనివాళ్ళు మాట్లాడుకుంటూనే చేస్తున్నారు, కళ్ళు మాత్రం బల్ల మీంచి తియ్యట్లేదు.

ముందు గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. నలుపుకి తుప్పు ఇనుము, బెల్లం వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్ళు. ఆ కుండ మూత తీయగానే అక్క ముక్కు మూసుకుని బయటికి పోయింది. ఎరుపు చోట ముందు పటిక అద్దుతారు, అది అప్పటికి సరిగా కనపడదు. తర్వాత రాగి గంగాళంలో రంగువేరుతో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. పూర్వం చిరివేరు వాడేవారు, దాని ఎరుపుకి ఈ తీరం పేరుమోసింది. ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ అనే రసాయన రంగు వేస్తారని యజమాని దాచకుండా చెప్పాడు. పారే నీళ్ళలో ఉతికితేనే అదనపు రంగు పోతుంది, అందుకే ఈ పనికి కాలువ గట్టు కావాలి.

పర్షియావాళ్ళ అభిరుచికి వేసిన సరుగుడు చెట్టు లాంటి సైప్రస్, కమాను గీతలు ఇప్పటికీ దుప్పట్ల మీద ఉన్నాయి. యూరప్‌లో ఈ బట్టలు ఎంత ఆడాయంటే, అక్కడి నేతవాళ్ళు గోల చేసి నిషేధాలు తెప్పించారు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో ఒకసారి, 1720ల మొదట్లో మరింత గట్టిగా అద్దకం బట్టలు ఆపింది. బాబాయి ఈ మాటకి ఏమీ అనలేదు. బల్ల దగ్గర అచ్చు కొడుతున్నతన్ని మీటరుకి ఎంతిస్తారని అడిగాడు. అతను యజమాని వైపు చూసి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు ఇప్పటికీ నాకు ఇబ్బందిగానే ఉంది. అక్క 1,600 చీర మీద బేరం ఆడబోతే నేనే ఆపాను.

మంగళవారం, మోటుపల్లి

ఒక రాత్రి ఇంట్లో పడుకుని, గుంటూరు మీదుగా దక్షిణం పట్టాం. పొన్నూరు, బాపట్ల, చీరాల. వేటపాలెంలో జీడిపప్పు కోసం ఆగాం. చినగంజాం దగ్గర ఉప్పు మళ్ళు, తెల్లటి గుట్టలు. బాబాయి కిటికీ దించి చూస్తూ కూర్చున్నాడు. బకింగ్‌హాం కాలువ వంతెన మీద కారు ఆపించి దిగాడు. వాళ్ళ నాన్న కొట్టుకి వచ్చిన ఉప్పు పడవ ఈ కొస నుంచే బయల్దేరి ఉంటుంది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. "ఇంత దూరం తాడు లాక్కుంటూ వచ్చారా!" అన్నాడు. నాన్న వాళ్ళకి ఎంత ఇచ్చేవాడో లెక్కపుస్తకాల్లో ఉండేదట, అవి ఎప్పుడో చెదలు తినేశాయి.

మోటుపల్లి చిన్న ఊరు. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం, 1244 నాటిది. మాస్టారు వేలితో వరుసలు చూపిస్తూ చదివి తెలుగు చేసి చెప్పారు. పూర్వపు రాజులు తుపానుకి చిక్కి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రానికి తెగించేవాళ్ళ మీద దయతో మేం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్ళకే వదిలేస్తున్నాం అన్నది రాజు మాట. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు, ఒక్కోదానికీ విడిగా రేటు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకి మార్కో పోలో ఈ రేవుని ముత్ఫిలి అని రాసి, ఇక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందన్నాడు. 1358లో రెడ్డిరాజు అనవోతుడు వర్తకులకి మళ్ళీ అభయమిచ్చాడు.

బాబాయి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాడు. "వందకి మూడు రూపాయల ముప్పయి మూడు పైసలు. నేను కొట్టు మూసే ముందు కట్టిన పన్ను తెలుసా మాస్టారూ?" తర్వాత స్తంభం చుట్టూ తిరిగి, ఓడ మునిగితే సరుకు ఓనరుకి తిరిగిచ్చే రాజు ఇంకెక్కడైనా ఉన్నాడా అని అడిగాడు. అలాంటి హామీ రాతి మీద ఎందుకు చెక్కించారంటే, నోటి మాటని ఓడవాళ్ళు నమ్మరు కాబట్టి అన్నారు మాస్టారు. బాబాయి దాన్ని ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకోగా నేను చూసింది అదొక్కటే.

గుళ్ళో కరెంటు లేదు. పూజారిగారి అబ్బాయి సెల్ లైటు పక్క నుంచి పట్టుకుంటే అక్షరాల లోతు తెలిసింది. శాసనం చూడాలనుకునేవాళ్ళు టార్చి తీసుకెళ్ళండి, మధ్యాహ్నం గుడి మూసేలోపు చేరండి. ఊళ్ళో హోటల్ లేదు, చీరాలలో తినేసి వెళ్ళాలి. మేం అలా చెయ్యక మూడింటి దాకా జీడిపప్పుతో సరిపెట్టుకున్నాం. నిజాంపట్నం ఈసారి కుదర్లేదు. అక్కడికి తెల్లవారుజామున వేలంపాట వేళకి వెళ్తేనే బాగుంటుందని మాస్టారు అన్నారు, ఉగాది వెళ్ళాక ఒక ఆదివారం ఇస్తానన్నారు. కారులో ఇంకో సీటు ఖాళీ ఉంది.